మడ్‌గార్డు కింద ఎర్రమట్టి

ఆదివారం ఆరాధనలో చివరి పాట అందుకోగానే నేను చర్చిలోంచి బయటికి వచ్చేస్తాను. నలుగురిలో పడి పలకరించడం చేతకాక ముందే జారుకుంటానని మా పాస్టరు గారు అనుకుంటారు. అది సగం నిజం. మిగతా సగం ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. గోడవారగా ఆపి ఉన్న మోటారు సైకిళ్ళ పక్కన గొంతుక్కూర్చుని, తలపిన్నుతో టైర్ల గాడుల్లోంచి మట్టి గోకి రుమాల్లో మూట కట్టుకుంటాను. లోపల పాట పూర్తయ్యేసరికి రెండు మూడు ఊళ్ళ మట్టి నా చేతిలో ఉంటుంది. ఒకసారి ఎవరో పెద్దాయన అందరికంటే ముందు బయటికొచ్చి, తన బండి ముందు మోకాళ్ళ మీద ఉన్న నన్ను చూశాడు. ప్రార్థన చేసుకుంటున్నాననుకున్నాడు కాబోలు, చెప్పుల చప్పుడు కాకుండా వెనక్కి వెళ్ళిపోయాడు.

మట్టి ఎందుకంటే, నేను బొమ్మ జీపులు చేస్తాను. చేస్తానంటే, కొత్తవి కొని పాడు చేస్తాను. జానెడు పొడవుండే ఇనుప బొమ్మలు. తలుపులు తెరుచుకుంటాయి, బానెట్టు పైకి లేస్తుంది, స్టీరింగు తిప్పితే ముందు చక్రాలు తిరుగుతాయి. డబ్బాలోంచి తీసినప్పుడు నిగనిగలాడుతూ ఉంటాయి. ఆ నిగనిగ చూస్తే నాకు ఎవరో అబద్ధం చెబుతున్నట్టుంటుంది. మా పర్చూరు వైపు పొలాల్లో తిరిగిన జీపు ఏదీ అలా ఉండదు. అందుకని మరలన్నీ ఊడదీసి, ముందు ఒళ్ళంతా తుప్పు రంగు వేస్తాను. అది ఆరాక అక్కడక్కడ తడిచేసి రాళ్ళ ఉప్పు చల్లుతాను. దాని మీద జీపు రంగు కొడతాను. ఆ రంగూ ఆరాక ఉప్పు పలుకుల్ని వేలితో రాల్చేస్తే, అవి ఉన్నచోటల్లా పెచ్చులూడి అడుగున తుప్పు బయటపడుతుంది. నల్లరంగును నీళ్ళలా పల్చగా కలిపి సందుల్లోకి పారించానంటే ఇరవై ఏళ్ళ జిడ్డు ఒక్క పూటలో పట్టేస్తుంది. చివర్న మట్టి.

ఇదంతా ఫోన్లో వీడియోలు చూసి నేర్చుకున్నాను. మొదట్లో వాళ్ళు పూసే చాక్లెట్ రంగు బురదే నేనూ పూశాను. ఎంత బాగా కుదిరినా ఏదో తేడా. ఆ జీపు ఎవరి ఊళ్ళోనో తిరిగొచ్చినట్టుండేది. ఒకరోజు మిరప కల్లం దగ్గర నిలబడ్డ ట్రాక్టరు చక్రం చూస్తుంటే తెలిసింది. మన నల్లరేగడి తడిగా ఉన్నప్పుడే నలుపు. టైరు మీద ఎండితే బూడిద రంగులోకి మారుతుంది, పైన సన్నగా నెర్రెలిస్తుంది. ఆ నెర్రెలు రంగుతో రావు, అసలు మట్టితోనే వస్తాయి. అమ్మ పాత వాయిల్ చీర ముక్కలో వేసి జల్లించి, తెల్ల జిగురులో కలిపి పూస్తే, ఆరేటప్పుడు అదే నెర్రెలిస్తుంది. నేను చదివే నవలల్లో మనుషులు వానలో తడిసి ఇంటికొస్తారు, గుమ్మంలో నిలబడి ఏడుస్తారు. వాళ్ళ కాళ్ళకు ఏ మట్టి అంటుకుందో మాత్రం ఎవరూ రాయరు. నాకు అదే కావాలి.

ఇదంతా జరిగేది మా పైగదిలో. ఆ గదిలో నేను బ్యాంకు పరీక్షలకు చదువుతున్నానని ఇంట్లో అందరి నమ్మకం. చదువుతాను కూడా, రంగు ఆరేలోపు. థిన్నరు వాసన కిందికి వచ్చినప్పుడల్లా అమ్మ పక్కింటి వైపు చూసి, "వాళ్ళు ఇంటికి రంగులెయ్యటం ఎప్పటికి పూర్తవుద్దే?" అనేది. నేనేమీ అనేదాన్ని కాదు.

నా మొట్టమొదటి మంచి జీపును అమ్మే అంతం చేసింది. మట్టి ఆరడానికి పిట్టగోడ మీద పెట్టి బజారుకి వెళ్ళాను. అమ్మ వడియాలు తీయడానికి పైకొచ్చి దాన్ని చూసింది. నేను తిరిగొచ్చేసరికి జీపు గిన్నెలు తోమే సబ్బుతో, కొబ్బరి పీచుతో శుభ్రంగా స్నానం చేసి ఉంది.

"ఎవరి పిల్లలు ఇసిరేసిపోయారో, మట్టిలో పొర్లాడి వచ్చినట్టుంది పాపం. తోమిపెట్టా. చూడు ఎట్టా మెరుస్తుందో!" అంది అమ్మ, గాజు బీరువాలో నాన్న షీల్డు పక్కన పెడుతూ.

అప్పటినుంచి గది తలుపుకి లోపల గడియ పెట్టుకోవడం మొదలెట్టాను. చదువు ముదిరిందని ఇంట్లో సంతోషించారు.

మా బాబాయి వాళ్ళ ఇల్లు మా ఇంటికి రెండో వైపు, గోడ అవతలే. బాబాయిది మిరప, పత్తి సేద్యం. వాటికన్నా ముఖ్యంగా బాబాయికి ఒక జీపు ఉంది. నేను పుట్టకముందు ఏదో ఆఫీసు వాళ్ళు వేలంలో వదిలించుకుంటే కొన్నాడట. అందులో మిరపకాయల గోతాలు తిరిగాయి, కాయకోతల కూలీలు తిరిగారు, క్రిస్మస్ నెలలో హార్మనీ పెట్టెతో సహా చర్చి పాటల బృందమంతా తిరిగింది. దాని రంగు ఏమిటని ఎవరైనా అడిగితే ఏ వైపు రంగు అని మనం తిరిగి అడగాలి.

ఒకరోజు మా నీళ్ళ ట్యాంకు పొంగిపోతుంటే సరిచేయడానికి బాబాయి పైకి వచ్చాడు. ఆరోజు గడియ పెట్టడం మరిచిపోయాను. తలుపు తోసి, బల్ల మీద సగం తుప్పుపట్టిన జీపును చూసి ఆగిపోయాడు. బాబాయి దాన్ని చేతిలోకి తీసుకుని, వెలుతురులోకి పట్టుకెళ్ళి, అటూ ఇటూ తిప్పి చాలాసేపు చూశాడు. ఇదెందుకని అడగలేదు, పరీక్షలేమయ్యాయని అడగలేదు.

"డ్రైవరు గుమ్మం కాడ రంగు ఇంకా పోవాలమ్మా. ఎక్కేటప్పుడు దిగేటప్పుడు ప్యాంటు రుద్దుకుద్ది గదా" అన్నాడు.

నా పనికి నాకు దొరికిన మొదటి విమర్శ అది. ఆ సాయంత్రమే డైరీలో రాసుకున్నాను. గుమ్మం దగ్గర రంగు గీకితే జీపులోకి నిజంగానే ఒక మనిషి ఎక్కి దిగినట్టయింది.

అప్పటినుంచి బాబాయి నా రహస్యాన్ని దాచిపెట్టాడు. తన రహస్యం ఒకటి ఉందని మాత్రం నాకు చెప్పలేదు.

పోయిన వానాకాలం బాబాయికి నడుం పట్టేసింది. డిస్కు జారిందన్నారు. గుంటూరులో డాక్టరు చూసి, గతుకుల బండి ఎక్కొద్దన్నాడు. పిన్ని ఆ మాట పట్టుకుంది. మా పిన్ని పట్టుకుంటే వదలదు. చర్చి స్త్రీల సమాజానికి ఆమే పెద్ద, కల్లంలో ఆమే పెద్ద, ఇంట్లో సరేసరి. "కాయ అమ్మగానే జీపు కూడా అమ్ముతున్నాం" అని చెప్పేసింది. అప్పటిదాకా మాత్రం కోల్డ్ స్టోరేజీలో సరుకు చూసుకోవడానికి, ధర కనుక్కోవడానికి గుంటూరు వెళ్ళొచ్చని ఒప్పుకుంది. బస్సు దొరకడం కష్టం కాబట్టి జీపులోనే, తారురోడ్డు మీద, నెమ్మదిగా. నెలకోసారి, అప్పుడప్పుడూ రెండుసార్లు, బాబాయి చీకటితోనే లేచి వెళ్ళేవాడు. పొద్దుగూకి వచ్చి, మిర్చి యార్డులో నిలబడీ నిలబడీ నడుం లాగేసిందని బోర్లా పడుకునేవాడు.

మిరపకాయ అమ్ముడైంది. జీపుకు పొన్నూరు నుంచి ఒక బేరం కూడా వచ్చింది. బియ్యం వ్యాపారం చేసే కుటుంబంలో అబ్బాయి. ఆదివారం భోజనాల వేళ దాటాక వచ్చి మాట ఖాయం చేసుకుంటానన్నాడు.

ఆ కబురు తెలిసిన సాయంత్రం బాబాయి మా పైగదికి వచ్చి మంచం అంచున కూర్చున్నాడు.

"పెద్దది పోయేలోపు చిన్నది చేసిపెట్టమ్మా" అన్నాడు. "కొత్తదానిలా చెయ్యమాకు. ఇప్పుడెట్టుందో అట్టా. ఏ సొట్ట తగ్గినా అది నా బండి కాదు." గొంతు తగ్గించి, "మీ పిన్ని దాన్ని చేతిలో పెట్టుకుని చూసిందనుకో, మనసు కరుగుద్దేమో. ఎన్ని క్రిస్మస్‌లు తిరిగాం అందులో! ఒక్కసారి కరిగితే చాలు, ఆ పొన్నూరు అబ్బాయికి నేను చెప్పుకుంటా" అన్నాడు.

అంత బరువు నా జీపుల మీద ఎవరూ ఎప్పుడూ పెట్టలేదు.

మరునాడు పొద్దున ఫోన్ పట్టుకుని బాబాయి జీపు చుట్టూ తిరిగాను. ప్రతి సొట్టకూ ఫొటో. టార్పాలిన్‌కి గోతం గుడ్డతో వేసిన మాసిక. ఇనుప తీగతో కట్టిన ముందు బంపరు. ఎడమవైపు అద్దం ఉండాల్సిన చోట అద్దం పట్టుకునే కొక్కెం మాత్రమే. చివర్న చున్నీ నడుముకి బిగించి బండి కిందికి దూరాను. వెనక మడ్‌గార్డు లోపల మట్టి అరచేయి మందాన పేరుకుని ఉంది. చెంచాతో ఒక పెచ్చు ఊడదీశాను. పైన బూడిద రంగు రేగడి. దాని కింద ఎర్రమట్టి. దాని కింద మళ్ళీ బూడిద. మళ్ళీ ఎరుపు. పాత చీరలు మడతపెట్టి కుట్టిన బొంతలా పొర మీద పొర.

నాకు అంత ఆనందం ఎప్పుడూ కలగలేదు. ఏ వీడియోలోనూ ఇలాంటి మట్టి చూడలేదు. ఆ ఎరుపు ఎక్కడిదో కూడా నాకు తెలుసు. కనిగిరి వైపు నుంచి మా చర్చికి వాక్యం చెప్పడానికి వచ్చిన ఒకాయన కారు టైరు నుంచి గోకిన మట్టి నా దగ్గర పాత జామ్ సీసాలో ఉంది. పక్కన పెట్టి చూశాను. అదే. అయితే అది బాబాయి జీపు కిందికి ఎలా వచ్చిందన్న ప్రశ్న నాకు రానే లేదు. దాన్ని జానెడు బొమ్మ మడ్‌గార్డు కింద ఎలా పట్టించాలన్నదే నా ప్రశ్న.

ఆ వారమంతా అదే పని. బూడిద రంగు పూత, ఆరబెట్టడం, ఎర్రమట్టి పూత, ఆరబెట్టడం. చివరికి సూది మొనతో ఒక మూల పెచ్చు లేపితే అడుగు పొరలు సన్నటి గీతల్లా కనిపించాయి. శనివారం బాబాయికి చూపిస్తే బండి పైభాగం చూసి మురిసిపోయాడు. బంపరు తీగను వేలితో తాకి నవ్వాడు. కిందివైపు చూడలేదు. నేనూ చూపించలేదు. కనపడని చోట కూడా నిజంగా చేశానని చెప్పుకోవడం గొప్పలు పోయినట్టుంటుందని సిగ్గుపడ్డాను.

ఆదివారం చర్చి నుంచి వచ్చి, భోంచేసి, పిన్ని తమ వరండాలో ఇంటి కారానికి మిరపకాయలు ఏరుతూ కూర్చుంది. అమ్మ పక్కన తొడిమలు తీస్తోంది. నేను స్తంభం వెనక సగం కనపడేలా నిలబడ్డాను. బాబాయి తువ్వాలు కప్పిన జీపును రెండు చేతుల్లో పట్టుకుని వచ్చాడు.

"ఏందయ్యా అది, కోడిపిల్లా?" అంది పిన్ని.

బాబాయి తువ్వాలు తీశాడు.

పిన్ని చేతిలోని కాయలు చేటలో పడిపోయాయి. "అమ్మో! మన జీపే!" అని చెయ్యి కొంగుకు తుడుచుకుని అందుకుంది. "అక్కా, చూడు చూడు, ఈ మాసిక నేనేసిందే. ఆ యేడు మంచుకి పిల్లలు వణుకుతుంటే కల్లంలో గోతం కోసి కుట్టా. బంపరుకి తీగ కూడా! ఎవరు చేశారయ్యా ఇది?"

బాబాయి నా వైపు చూపించాడు.

"ఇది పైన చదువుకుంటంది గదా?" అంది అమ్మ.

ముగ్గురూ నన్నే చూశారు. నేను చేటలోని మిరపకాయల్ని చూశాను.

"అయితే ఆ రంగుల వాసన..." అంటూ అమ్మ పక్కింటి వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసింది. ఇన్నాళ్ళు అనవసరంగా తిట్టుకున్న పక్కింటివాళ్ళు ఆమెకు గుర్తొచ్చినట్టున్నారు.

పిన్ని ఇవేవీ పట్టించుకోలేదు. ఆమె కళ్ళు తడిశాయి. "క్రిస్మస్ పాటలకి పోయినప్పుడు వెనక కూర్చుని ఎంత నవ్వుకునేవాళ్ళం" అంది. బాబాయి చెయ్యి మీసం మీదికి పోయింది. పని అయిపోయినట్టే. ఆ క్షణాన పిన్ని బొమ్మను కింద పెట్టి ఉంటే అంతా బాబాయి అనుకున్నట్టే జరిగేది.

కానీ మా పిన్ని గోతం పైనున్న కాయ చూసి సరుకు బాగుందనే మనిషి కాదు. మోచేతి దాకా చెయ్యి పెట్టి అడుగు కాయ బయటికి లాగి, విరిచి, వాసన చూస్తేగాని ఆమెకు నమ్మకం కుదరదు. అదే అలవాటున జీపును బోర్లా తిప్పింది. మడ్‌గార్డు లోపల బొటనవేలి గోటితో గీకింది.

"ఇక్కడ ఎర్రగా ఉందేంటే? రంగు చాల్లేదా?" అంది నాతో.

అవును పిన్నీ, రంగు చాల్లేదు అంటే సరిపోయేది. కానీ వారం రోజులు ఆరబెట్టి ఆరబెట్టి చేసిన పొరల్ని పట్టుకుని చాల్లేదంటే నాకు ఎక్కడలేని రోషం వచ్చింది.

"చాలకపోవడం కాదు పిన్నీ. బండికి అట్టాగే ఉంది. రేగడి మీద ఎర్రమట్టి, మళ్ళీ రేగడి, మళ్ళీ ఎర్రమట్టి. నేను చెంచాతో తీసి చూసి చేశా" అన్నాను. నా గొంతు వరండా అంతా వినిపించింది. నాకే వింతగా అనిపించింది.

బాబాయికి దగ్గు వచ్చింది.

పిన్ని చేటను పక్కకి జరిపింది. "ఏమయ్యా. మన కల్లం నుంచి గుంటూరు దాకా ఎర్రమట్టి ఎక్కడుంది?"

"రోడ్డు పనులు చేస్తన్నారుగా. గ్రావెల్ పోశారు."

"మళ్ళీ మళ్ళీ పోశారా?"

"వానకి కొట్టుకుపోయింది, మళ్ళీ పోశారు."

పిన్ని నా వైపు తిరిగింది. "గ్రావెలేనా అమ్మాయ్?"

గ్రావెల్ అయితే గులకరాళ్ళు ఉంటాయి, ఇంత మెత్తగా పొరకట్టదు. ఆ సంగతి నాకు బాగా తెలుసు. బాబాయి కళ్ళు నన్ను బతిమాలుతున్నాయి. నేను ఏమీ మాట్లాడలేదు. నేను మాట్లాడకపోవడానికి అర్థం ఏమిటో మా ఇంట్లో ఎప్పుడూ ఎవరికీ తెలిసేది కాదు. ఆరోజు మాత్రం పిన్నికి పూర్తిగా తెలిసిపోయింది.

"ఎవరయ్యా ఆవిడ?" అంది.

"ప్రభువా!" అంది అమ్మ.

"ఛీ ఛీ, ఆవిడేంటే! రాళ్ళే!" అన్నాడు బాబాయి.

"రాళ్ళేంది?"

ఇక దాచి లాభం లేదని బాబాయి అరుగు మీద కూలబడి చెప్పుకొచ్చాడు. కనిగిరి దాటాక కొండవారన రాళ్ళ వాగులున్నాయట. తనలాగే పాత జీపులున్నవాళ్ళు నలుగురైదుగురు అక్కడ కలుస్తారట. అందులో ఒకాయన రిటైరైన కండక్టరు, ఒకాయన జీపుల మెకానిక్, ఇంకొకాయన కనిగిరి మసీదు వీధి సాయిబు గారు. బండిని రాళ్ళ మీదుగా నెమ్మదిగా, చక్రం తర్వాత చక్రం ఎక్కించి, వాగు అవతలికి దింపుతారట. ఎవరూ పోటీ పెట్టరు, ఎవరూ గెలవరు. దించాక చెట్టు కింద కూర్చుని సాయిబు గారింటి నుంచి వచ్చిన బిర్యానీ తింటారట.

"ధర కనుక్కోటానికి పోలేదా అయితే?" అంది పిన్ని.

"ధర ఫోన్లో చెప్తారుగా."

"మరి నడుం?"

"రాళ్ళ మీద పొయ్యేటప్పుడు నొప్పి తెలవదే. దిగాకే."

పిన్ని లేచి నిలబడింది. "యార్డులో నుంచొని నుంచొని లాగేసిందని మూలిగితే వేడినీళ్ళ కాపడం పెట్టింది ఎవరు? ఆముదం కాచి నడుం తోమింది ఎవరు? అంటే ఇన్నాళ్ళూ నేను ఆ రాళ్ళకి ఆముదం రాశానన్నమాట!"

"రాళ్ళైతే నయమేలేవే, నేను ఇంకేదో అనుకున్నా" అంది అమ్మ, తిరిగి తొడిమలు తీస్తూ.

"నువ్వూరుకో అక్కా!"

సరిగ్గా అప్పుడు పొన్నూరు అబ్బాయి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, నల్లద్దాలు. నమస్కారం పెట్టి నేరుగా జీపు దగ్గరికి పోయి చుట్టూ తిరిగాడు. చక్రాన్ని బూటుతో తన్నాడు. తిరిగొచ్చి కుర్చీలో కూర్చోబోతూ బొమ్మను చూశాడు.

"భలే ఉందండీ ఇది. దీన్ని కూడా ఇస్తారా? కాకపోతే కడిగివ్వాలి."

"నేనూ అదే చెప్తా బాబూ" అంది అమ్మ.

"బండిని ఏం చేద్దామనుకుంటున్నావు?" అని అడిగింది పిన్ని. కోపంలో ఉంది కాబట్టి గొంతు మామూలుకంటే మెత్తగా ఉంది.

అతనికి హుషారొచ్చింది. పాత రంగంతా గీకించేసి నల్లగా మెరిసే రంగు వేయిస్తాడట. ధగధగలాడే చక్రాలు, చుట్టూ లైట్లు, వెనక సీట్లు తీసేసి సౌండు బాక్సులు. "పెళ్ళి ఊరేగింపులకి అద్దెకిస్తామండీ. ఇంక దీనికి కష్టం లేదు. మట్టి రోడ్డు ఎక్కనివ్వం. సిమెంటు రోడ్డు దాటదు."

బాబాయి లేచి వెళ్ళి జీపు బానెట్టు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు, బడిలో చేర్చడానికి తీసుకొచ్చిన పిల్లవాడి తల మీద చెయ్యి వేసినట్టు. పిన్ని అటే చూసింది. ఆ చూపు చాలాసేపు అక్కడే ఉంది.

"అబ్బాయ్, బండి అమ్మటంలా. మజ్జిగ తాగిపో" అంది.

"అదేంటండీ? అమ్ముతామని మీరేగా కబురుపెట్టారు."

"పెట్టాను. అప్పుడు నాకు దాని సంగతి తెలవదు. ఇది అమ్మేస్తే ఈయన కనిగిరి బస్సెక్కుతాడు. పోయి ఇంకొకళ్ళ జీపెక్కుతాడు. బస్సు చక్రాలు గోకి చూట్టానికి నేనెక్కడ పోను? ఇదైతే ఎక్కడ తిరిగినా మట్టి తెచ్చి నా ఇంట్లోనే పెడతంది. సాక్ష్యాన్ని ఎవరైనా అమ్ముకుంటారా?"

ఆ అబ్బాయికి ఒక్క ముక్క అర్థం కాలేదు. మజ్జిగ తాగాడు, గ్లాసు కింద పెట్టాడు, బాబాయి వైపు జాలిగా చూసి వెళ్ళిపోయాడు. అతని బండి మలుపు తిరగ్గానే బాబాయి మొహం విచ్చుకుంది.

"నవ్వమాకు" అంది పిన్ని. "నీకు నేనింకేమీ చెప్పలా. తాళాలు ఇటియ్యి."

బాబాయి తాళాలు ఇచ్చాడు. బండి అమ్మలేదు సరే, తిరగనిస్తుందా లేదా అన్నది తేలకుండా మధ్యాహ్నమంతా గడిచింది. బాబాయి వరండాలో కూర్చుని బొమ్మ జీపు స్టీరింగు తిప్పుకుంటూ ఉన్నాడు. మా ఇంట్లో అమ్మ నా పుస్తకాల మీద వేలితో గీసి దుమ్ము ఎంత ఉందో నాకు చూపించింది.

ఎండ చల్లబడ్డాక మెట్ల మీద పిన్ని అడుగులు వినిపించాయి. ఆమె మా పైగదికి రావడం అదే మొదలు. మంచం మీద కూర్చుని మట్టి సీసాలు, బ్రష్షులు, ఉప్పు గిన్నె, సగం ఊడదీసిన జీపులు అన్నీ చూసింది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు.

"వానాకాలం ఆయన నేల మీద పడుకున్నప్పుడు పక్కకి తిప్పాలంటే నేనూ మీ అమ్మా ఇద్దరం పట్టేవాళ్ళం, గుర్తుందా?" అంది. "నొప్పికి పళ్ళు కొరుక్కునేవాడు గానీ, ఎట్టా ఉందయ్యా అంటే బాగానే ఉందనేవాడు. ఆ కొండల్లో అట్టా పడిపోతే నాకెవరు చెప్తారు? ఈయన చెప్పడు. ఆ కండక్టరు ఎవరో, సాయిబు గారెవరో నాకు తెలవదు. తారురోడ్డు మీద పోతన్నాడనుకుని నేనిక్కడ కాయలేరుకుంటా కూర్చుంటా."

పిన్ని గొంతు అలా ఉండగా నేను ఎప్పుడూ వినలేదు. బ్రష్షు కడిగిన నీళ్ళు పారబోశాను.

"వద్దంటే దొంగతనంగా పోతాడు. పోమంటే పడిపోతాడు" అంది. "అందుకని ఒకటనుకున్నా. ఇంక ఆయనెప్పుడు పోయినా పక్కన నువ్వుండాలి."

తెల్లారకుండా లేవడం సరే. అంతసేపు ప్రయాణం సరే. కానీ ముక్కూ మొహం తెలియని మనుషులు, చెట్టు కింద భోజనం, వాళ్ళు నన్ను పలకరించడం, ఏం చదివావమ్మా అని అడగడం, నేను జవాబు చెప్పాల్సి రావడం.

"నాకు పరీక్షలున్నాయి పిన్నీ" అన్నాను.

పిన్ని బల్ల వంక ఒకసారి, నా చేతులకంటిన తుప్పు రంగు వంక ఒకసారి చూసింది. నేను చేతులు వెనక్కి పెట్టుకున్నాను.

"ఎర్రమట్టి ఎంత కావాలంటే అంత తెచ్చుకోవచ్చులే" అంది, బేరంలో చివరి మాట చెప్పినట్టు. కొంగు ముడి విప్పి జీపు తాళాలు నా బల్ల మీద, జిగురు డబ్బా పక్కన పెట్టింది. "ఇవి నీ దగ్గరుంటయ్. నువ్వెక్కితేనే బండి కదలాలి. అక్కడికి చేరగానే నాకు ఫోన్ చెయ్యి. ఆయన దిగాడా, నుంచున్నాడా, నడుం మీద చెయ్యేశాడా, మొహం ఎట్టా పెట్టాడు, అన్నీ చెప్పాలి. ఆయన పక్కనుండి ఏమీ చెప్పొద్దని సైగ చేస్తే అది కూడా చెప్పాలి. అర్థమైందా?"

నేను తల ఊపాను.

పిన్ని లేచి గుమ్మం దాకా వెళ్ళింది. మెట్టు మీద కాలు పెట్టబోయి ఆగి, వెనక్కి తిరిగి నన్ను ఎగాదిగా చూసింది.

"ఫోన్లో తల ఊపితే నాకు కనపడదే అమ్మాయ్" అంది.